రెండు తోటలు, ఒకే సోమవారం

కడపలో నేను పాఠం చెప్పే కాలేజీలో ఏటా ఒకరోజు నాకు తప్పకుండా కోపం వస్తుంది. పైథాన్‌లో లిస్టుల పాఠం వచ్చే రోజది. బోర్డు మీద నాలుగంకెలతో ఒక లిస్టు రాసి దానికి ‘ఎ’ అని పేరు పెడతాను. దాని కింద ‘బి ఈజీక్వల్టు ఎ’ అని రాస్తాను. ఇప్పుడు బిలో మొదటి అంకె మారిస్తే ఎలో ఏముంటుందని అడుగుతాను. తరగతి తరగతంతా ఒకే గొంతుతో "పాతదే ఉంటాది మేడం" అంటుంది. ఉండదు. అక్కడ రెండు లిస్టులు లేవు, ఒకే లిస్టుకు రెండు పేర్లున్నాయి. ఏ పేరుతో పిలిచి మార్చినా మారేది అదొక్కటే. వేరుగా కావాలంటే కాపీ తీసుకోవాలి. ఇదంతా బుద్ధిగా రాసుకుంటారు. పరీక్షలో మళ్లీ అదే తప్పు చేస్తారు. పేపర్లు దిద్దుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ మధ్య ఆ పేపర్లు దిద్దేటప్పుడు కొంచెం నెమ్మదించాను. ఆ తప్పుకు అన్న వరసయ్యే ఇంకో తప్పు మా ఇంట్లోకే వచ్చి, మా నాన్ననూ చిన్నాయననూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేసి పోయింది.

మాది కడప నుంచి పులివెందుల దారిలో బస్సులో గంటన్నర దూరం. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. మా ఊరి చుట్టూ కంటికి ఆనేదంతా చీనీ తోటలే. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు నాన్నా, ఆయన తమ్ముడైన మా చిన్నాయనా వేరుపడ్డారు. గొడవేమీ లేదు. అందరూ వేరుపడతారు గనక వీళ్లూ పడ్డారు. ఇంటి నడుమ గోడ లేచింది. పాడి ఎనుములు ఒకటి అటు, ఒకటి ఇటు. తోటలో చెట్లు లెక్కబెట్టి సరిగ్గా మధ్యలో గట్టు వేశారు. పెద్దమనుషులు ఎంత న్యాయంగా పంచారంటే, రోకలి మా భాగానికి వచ్చింది, రోలు గోడకు అవతల ఉండిపోయింది. కారం దంచాలంటే అమ్మ రోకలి భుజాన వేసుకుని చిన్నమ్మ వాళ్లింటికి పోయేది. అక్కడ దంచుడు తక్కువ, మాటలు ఎక్కువ.

పంచలేకపోయింది బోరు ఒక్కటే. ఆ పొలంలో అంతకుముందు వేసిన బోర్లన్నీ దుమ్ము చిమ్మి ఊరుకున్నాయి. నీళ్లు పడింది ఆ ఒక్కదానిలో, అదీ గట్టు పక్కనే. అందుకని ఒకే మోటారు, రెండు వైపులకు రెండు పైపులు, మధ్యలో గేటువాల్వులు. పొద్దున పూట నీళ్లు మాకు, మధ్యాహ్నం పూట చిన్నాయన వాళ్లకు.

మా పూట అయిపోతూనే నాన్న గట్టు మీద నిలబడి తమ్ముణ్ణి కేకేసేవాడు. ఆయన వచ్చేదాకా వాల్వు ముట్టడు. వచ్చాక, ఆయన చూస్తుండగా మా వైపు మూసి అటు వైపు తిప్పుతాడు. వంతు నీళ్లు వాడుకునే రైతుల్లో అదొక మర్యాద. ఒకరి పూట నుంచి ఇంకొకరి పూటకు నీళ్లు ఎదురెదురుగా నిలబడి అప్పజెప్పాలి, ఊరికే తిప్పేసి పోకూడదు. ఆ కాసేపట్లోనే మంగు పురుగుకు ఏ మందు కొట్టాలి, మార్కెట్లో కాయ ఎట్లా పోతోంది, ఎవరింట్లో ఎవరికి బాగలేదు, అన్నీ అయిపోయేవి. ఒకసారి దేనికో మాట పట్టింపు వచ్చి కొన్నాళ్లు ఇద్దరూ పలకరించుకోలేదు. అప్పుడు కూడా "నీల్లు ఇడుస్తాండా" అని ఈయనా, "ఇడువు" అని ఆయనా అనక తప్పేది కాదు. అట్లా అనీ అనీ మళ్లీ మాటల్లో పడ్డారు. పట్టింపు దేనికి వచ్చిందో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు.

చిన్నాయనకు ఒక కూతురు. నాకన్నా చాలా చిన్నది. నా దగ్గరే డిగ్రీ చదివి, కర్నూలులో ఎంసీఏ చేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి పనిచేస్తుంది. మేడ మీది గదే దాని ఆఫీసు. ఆ కిటికీలోంచి చూస్తే తోట కనిపిస్తుంది. నడివేసవి ఎండలో అన్నదమ్ములిద్దరూ తలకు తువ్వాళ్లు చుట్టుకుని గట్టు మీద నిలబడటం చూసి చూసి దానికి ప్రాణం ఒప్పలేదు. మోటారు షెడ్డులో స్టార్టరు పక్కన సిమ్ కార్డుతో పనిచేసే చిన్న డబ్బా ఒకటి బిగించింది. గేటువాల్వుల చోట కరెంటుతో తెరుచుకునేవి పెట్టించింది. ప్రోగ్రాము మొత్తం తనే రాసుకుంది. ఒక్కో తోటలో ఎగువ మడి, నడిమి మడి, దిగువ మడి అని మూడు భాగాలు. వారంలో ఏ రోజు ఏ మడికి ఎన్ని నిమిషాలు నీళ్లు పారాలో ఫోన్లో నొక్కితే చాలు. ఎవరి ఫోన్లో వాళ్ల తోటే కనిపిస్తుంది. ఒకరి నీళ్లు ఇంకొకరు తొంగిచూడటం బాగుండదని అట్లా పెట్టింది. అంత మర్యాద దానికి ఎవరు నేర్పారో గానీ, తర్వాత అదే ప్రాణం తీసింది.

ఊరంతా వచ్చి చూసి పోయింది. చిన్నాయనకు కాళ్లు నేల మీద ఆనలేదు. "సూడప్పా, ఈడ నొక్కితే ఆడ నీల్లు. మా అమ్మి సేసింది" అని బస్సు దిగినవాళ్లను దిగినట్టే షెడ్డు దగ్గరికి తీసుకుపోయేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు చూసి, శభాష్ అని దాని వీపు తట్టాను. నాన్న కూడా సంతోషించాడు. ఎండలో నిలబడే పని తప్పింది. కేకేసే పనీ తప్పింది. అమ్మ మాత్రం ఒకరోజు గిన్నెలు తోముకుంటూ, "మీ నాయన సిన్నాయన్ను సూసి శానా దినాలాయ" అంది. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇక్కడ చీనీ తోట సంగతి ఒకటి చెప్పాలి. చీనీ చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు పూర్తిగా మాన్పించి ఎండగడతారు. ఆకు వాడి వేలాడుతుంది. అప్పుడు ఒక్కసారిగా నీళ్లు వదిలితే కొమ్మ కొమ్మకూ పూత వస్తుంది. ఈ ఎండగట్టడాన్ని బెట్ట అంటారు. ఆ రోజుల్లో తోటలోకి చుక్క నీళ్లు వచ్చినా బెట్ట చెడిపోతుంది, ఆ కారు పూత పోయినట్టే. ఈ వేసవిలో నాన్న తన తోటను బెట్టకు వదిలాడు, తొలకరికి పూత తెప్పించాలని. డబ్బా పెట్టినప్పటి నుంచి అప్పటిదాకా రెండు తోటలకూ ఒకే నిమిషాలు సరిపోయాయి. చిన్నాయన తోట ఇప్పుడు వేరే దశలో ఉంది. చలికాలం చివర్లో పూసి, ఎండలు ముదిరేసరికి నిమ్మకాయంత కాయలతో ఉంది. అప్పుడు నీళ్లు తగ్గితే కాయ నిలవదు, తొడిమ ఊడి రాలిపోతుంది. అంటే ఒక తోటకు నీళ్లు పారకూడదు, పక్క తోటకు పారకపోతే బతకదు.

నేను వేసవి సెలవులకు వచ్చిన రోజు నాన్న నన్ను కూర్చోనివ్వకుండానే తోటకు తీసుకుపోయాడు. చెట్ల కింద నేల తడిగా ఉంది.

"బెట్ట పెట్టిన తోటలో నీల్లు పార్తాండాయి సూడు. నేను అన్ని మడులకూ సున్నా పెడ్తా. తెల్లారి సూస్తే మల్ల నిమిషాలు పెట్టింటారు. మల్ల నేను సున్నా పెడ్తా. ఎన్నిసార్లని పెట్టేది."

"ఎవరు పెడ్తారు నాయనా? నీ ఫోను నీ దగ్గరే ఉండాది గదా."

"ప్రోగ్రాము రాసింది వాల్ల పిల్లే గదా," అన్నాడు నాన్న.

నాకు సర్రుమంది. సాయంత్రం నేరుగా గోడ అవతలికి పోయాను. చిన్నాయన నన్ను చూసి లేవలేదు. చిన్నమ్మ మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. వాకిట్లో ఒక గంపనిండా రాలిన పచ్చి కాయలున్నాయి.

"మీ నాయన బెట్ట పెట్టుకున్న్యాడు. పెట్టుకోనీ. నాకు గూడా ఎందుకు పెట్టాల?" అన్నాడు చిన్నాయన. "నా తోటకు నేను యాభై నిమిషాలు పెడ్తా. సూస్తే సున్నా. మల్ల పెడ్తా, మల్ల సున్నా. బోర్లో నీల్లు మిగిలిచ్చుకుంటాండాడు, రేపు ఆయన పూతకు కావాలని. నాకు తెలీదనుకుంటాండాడు."

"నీ ఫోన్లోది మా నాయన ఎట్ల మారుస్తాడు చిన్నాయనా? ఆయనకు ఫోను ఎత్తడమే సరిగా రాదు."

"ఆయనకు రాకుంటే ఏమి? కంప్యూటరు పాఠాలు చెప్పే కూతురు ఉండాది గదా."

ఆ మాట విన్నాక నాకు బుర్ర పనిచేయడం ఆగిపోయింది. కోపం వచ్చినప్పుడు నేను ఆలోచించలేను, అది నా అవలక్షణం. ఏటా బోర్డు మీద రాసి అరిచి చెప్పే పాఠం కళ్లముందే నడుస్తుంటే, నేను మాత్రం చిన్నాయన మాటకు మాట ఏం అనాలా అని వెతుక్కుంటున్నాను. చివరికి చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇద్దరి మీదా నాకు జాలి వేస్తుంది. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. నేను మార్చలేదు, అంకె మారింది, కాబట్టి వాడే మార్చాడు. ఇందులో తప్పు పట్టడానికేముంది? పోయి అడగొచ్చు గదా అంటారు. మా వైపు పెద్దమనుషులు పనిగట్టుకుని గుమ్మంలోకి పోయి నా నీళ్లు ఎందుకు కోశావని అడగరు. అడిగితే అది తగాదా అయిపోతుంది. ఇంకేదో పని మీద ఎదురుపడినప్పుడు, మాటల మధ్యలో, నవ్వుతూ అడుగుతారు. అట్లా ఎదురుపడే పనే ఇప్పుడు లేకుండా పోయింది. ఆ ఫోన్లలో ఒకరు సున్నా పెట్టడం, ఇంకొకరు తీసేయడం, రోజూ ఇదే. కాయ రాలుతూనే ఉంది. ఇక్కడ బెట్ట చెడుతూనే ఉంది.

చివరికి చిన్నాయన సొంతంగా బోరు వేయిస్తానన్నాడు. నీళ్ల పాయింటు చూసే ఆయన వచ్చి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు. టెంకాయ నిలువునా లేచిందట. పాత బోరుకు నాలుగు చెట్ల అవతల సున్నంతో గుర్తు పెట్టి పోయాడు. బోరు లారీ మాట్లాడారు. మర్నాడు పొద్దున్నే వస్తుందని తెలిసింది.

అది విన్నాక ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పక్కపక్కనే రెండు బోర్లు దించిన తోటలు మా వైపు ఎన్నో చూశాం. కొత్తది కొన్నాళ్లు బాగా పోస్తుంది, పాతది గాలి కక్కుతుంది. అప్పుడు పాత బోరువాడు ఇంకొంచెం లోతుకు దించుతాడు. వాడి మీద పంతానికి వీడు ఇంకొంచెం. చివరికి రెండూ ఆగిపోతాయి, చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకుంటారు. పైన బోర్లు రెండైనా కింద నీళ్లు ఒకటే. నాన్నకూ ఆ సంగతి తెలుసు, చిన్నాయనకూ తెలుసు. తెలిసీ వేయిస్తున్నాడంటే అన్న మీద ఎంత విరక్తి పుట్టిందో అనిపించి నాకు దిగులేసింది. లారీ వచ్చిందంటే రెండు తోటలూ పోతాయి. అన్నదమ్ములు ఎట్లాగూ పోయినట్టే.

మధ్యాహ్నం మేడ మీదికి పోయాను. చిన్నాయన పైపుల కోసం ప్రొద్దుటూరు వెళ్లాడు, రాత్రి అక్కడే బంధువులింట్లో ఉండి పొద్దున లారీతోపాటే వస్తాడట. చెల్లెలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి కుర్చీ జరిపింది గానీ నవ్వలేదు.

"మీ నాయనకు బుద్ధి చెప్పు," అన్నాను.

అది కాసేపు వేళ్లు విరుచుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "అక్కా, నువ్వేనా మార్చేది?" అంది.

చెంప మీద కొట్టినట్టయింది. ఈ పిల్లకు లిస్టు అంటే ఏమిటో చెప్పింది నేను. జ్వరం వస్తే హాస్టల్ నుంచి కడపలో నా ఇంటికి తెచ్చుకుని చారన్నం పెట్టింది నేను. అయితే దాని మొహంలో కోపం లేదు, భయం ఉంది. నేను అవునంటానేమోనని భయం. అది చూసి నా కోపం దిగిపోయింది.

"నేను కాదు. మా నాయన కాదు. నువ్వూ కాదు గదా?"

"నేనెందుకు మారుస్తానక్కా."

"అయితే ఇంకెవరూ లేరు. నీ ప్రోగ్రాము తీ."

ముందు చిన్న పరీక్ష పెట్టాం. దాని దగ్గర రెండు తోటలూ కనిపించే స్క్రీను ఒకటుంది. చిన్నాయన తోటలో సోమవారం, ఎగువ మడికి పదిహేడు నిమిషాలు పెట్టమన్నాను. ఎవరూ పెట్టని అంకె కావాలని పదిహేడు. పెట్టింది. పక్కన నాన్న తోటలో సోమవారం ఎగువ మడి కూడా పదిహేడు అయి కూర్చుంది.

అది ప్రోగ్రాము తెరిచి పైకీ కిందికీ జరిపింది. ఒక వాక్యం దగ్గర ఆగింది. ముందుగా నాన్న తోటకు ఒక లిస్టు రాసుకుంది. అందులో ఏడు రోజులు. ఒక్కో రోజు మళ్లీ ఒక చిన్న లిస్టు, మూడు మళ్ల నిమిషాలతో. రెండు తోటలూ సమానమే కాబట్టి, అదే లిస్టును కాపీ తీసి చిన్నాయన తోటకు పెట్టింది.

"నేను కాపీనే తీసినానక్కా," అంది. "ఊరికే రెండో పేరు పెట్టలేదు. సూడు, కాపీ అని రాసినా. నువ్వు చెప్పిందే గదా."

నిజమే. కాపీ తీసింది. తీసింది పై లిస్టుకు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు అరల పెట్టె కొత్తదే వచ్చింది. అరల్లో ఉన్న రోజులు మాత్రం కొత్తవి కాలేదు, రెండు పెట్టెల్లోనూ పాత రోజులే. మామూలు కాపీ అంతవరకే చేస్తుంది, లోపలి లిస్టుల జోలికి పోదు. లోపలివి కూడా వేరుగా కావాలంటే డీప్‌కాపీ అని ఇంకొకటి ఉంది. నాన్న సోమవారమూ చిన్నాయన సోమవారమూ ఒకే సోమవారం. ఆయన అందులో సున్నా పెడితే ఈయనకూ సున్నా. ఈయన యాభై చేస్తే ఆయనకూ యాభై.

"పెట్టేటప్పుడు సరిచూసుకున్నాను గదక్కా. ఆదివారం మార్చి సూసినా. మా నాయనది మారింది, పెదనాయనది మారలేదు."

"ఎట్ల మార్చినావు?"

"ఆ రోజు మొత్తం తీసేసి కొత్త రోజు పెట్టినా."

"అందుకే మారలేదు. అర కొత్తది గదా, అందులో కొత్త రోజు పెడితే అది నీదే. పాత రోజును అట్లే ఉంచి దాని లోపల అంకె మారిస్తేనే వస్తాది తంటా. ఈ సంగతి క్లాసులో చెప్పినా. నువ్వు రాలేదేమో ఆ రోజు."

అది తల గోక్కుంది. "మహానందికి పోయింటిమక్కా, మాయమ్మ మొక్కు ఉంటే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. "భాగాలు పంచుకున్న్యారు గానీ బోరు పంచుకోలేదన్నట్టు" అంది అది నవ్వుతూనే. తర్వాత కిటికీలోంచి సున్నం గుర్తు వైపు చూసి ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను.

సరిచేయడం ఒక్క మాట పని. చెప్పడం ఎట్లా అన్నదే చిక్కు. ఊరంతా మెచ్చుకున్న పిల్ల. దాని పేరు చెప్పుకుని వాళ్ల నాయన మీసం తిప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన కాయ రాలింది దాని చేతి మీదుగానే అని ఎట్లా చెప్పడం? నేనే ఒక దారి చెప్పాను. డబ్బా చెడిపోయిందందాం, సిగ్నలు తప్పిందందాం, సాయంత్రానికి సరిచేసి ఊరుకుందాం అని. దాన్ని కాపాడుకోవాలనే తొందర నాది.

అది కళ్లు తుడుచుకుంది. "డబ్బాదే తప్పంటే డబ్బా పీకేస్తాడు. పెదనాయన మీద అనుమానం పీకేస్తాడా అక్కా?"

డబ్బా మాట వదిలేశాను.

"మరి ఫోన్ చేసి చెప్పు, లారీ అక్కడే ఆగుతాది."

"ఫోన్లో చెప్తే నమ్మడు. చేతికిచ్చి చూపియ్యాల." సరిచేసిన ప్రోగ్రాము కూడా ఎక్కించనంది. ముందు తప్పు కళ్లతో చూడాలి, తర్వాతే సరిచేసేది అంది. దాని పట్టుదల చూసి నాకు గర్వంగానే ఉంది, బయటికి చెప్పలేదు.

పొద్దున్నే లారీ వచ్చింది. చిన్నమ్మ పసుపు కుంకాలు, నిమ్మకాయలు, టెంకాయ పళ్లెంలో పెట్టుకుని నిలబడింది. లారీ మనుషులు తమిళంలో ఏదో మాట్లాడుకుంటూ ఇనుప కడ్డీలు దించుతున్నారు. నాన్న గట్టుకు ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రానంటే నేనే బలవంతంగా తీసుకొచ్చాను, ఫోనుతో సహా.

చెల్లెలు వాళ్ల నాయన దగ్గరికి పోయింది.

"నాయనా, పూజ చేయొద్దు. ఒక మాట ఇను. నీ నీల్లు కోసింది పెదనాయన కాదు. నేను."

చిన్నాయనకు అర్థం కాలేదు. "నువ్వేందమ్మా?"

"నేను రాసిందాంట్లో తప్పుండాది. మీ ఇద్దరి దినాలూ వేరే వేరే పెట్టినాననుకున్నా. ఒగటే అయి కూర్చున్న్యాయి. నువ్వు నీది మారుస్తే పెదనాయనది మార్తాంది. ఆయన ఆయనది మారుస్తే నీది మార్తాంది. ఇద్దరూ ఒగరిదొగరు చెరుపుతాండారు, తెలీకుండా."

చిన్నాయన దాని వైపు, నా వైపు చూశాడు. "ఇట్ల చెప్పమని ఎవరు చెప్పిరి నీకు?" అన్నాడు.

అది వెనక్కి తగ్గలేదు. "నీ ఫోను తీ. నీకు ఇష్టమొచ్చిన అంకె కొట్టు. ఎవరికీ చూపియ్యాకు."

చిన్నాయన జేబులోంచి ఫోను తీసి, మాకు వీపు పెట్టి, వేలితో కొట్టాడు. నేను నాన్న ఫోను తీసుకుని గట్టు దాటి వెళ్లి ఆయన ముందు పెట్టాను. అందులో నలభై మూడు ఉంది. ఆయన తన ఫోను చూసుకున్నాడు. మళ్లీ కొట్టాడు. ఇందులో పదకొండు. ఇంకోసారి కొట్టాడు. తర్వాత కొట్టడం మానేసి నిలబడిపోయాడు. లారీ డ్రైవరు వచ్చి మొదలుపెట్టాలా అని అడిగితే ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు.

గట్టు అవతల నుంచి నాన్న, "నా తోటలో నీల్లు పారిచ్చింది గూడా అదేనా?" అని అడిగాడు.

"అదే పెదనాయనా," అంది చెల్లెలు.

చిన్నాయనే మొదట నోరు తెరిచాడు, అన్న వైపు చూడకుండా.

"మొట్టమొదట సున్నా పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"బెట్టకేనా?"

"బెట్ట వచ్చే నెల పెట్టుకున్న్యా జరిగేది. నీ చెట్లు కాయ మీద ఉండాయి గదా. పొద్దన పూట బోరు ఊరుకుంటే నీల్లు ఊర్తాయి, మధ్యాన్నం నీకు బాగా పోస్తాదని తొందరగా ఇడిసిపెడ్తి."

"ఆ మాట నాకు చెప్పకూడదా?"

"యాడ చెప్పేది? నువ్వు కనపడ్తే గదా."

చిన్నాయన గట్టు మీద కూర్చున్నాడు. రాలిన కాయ ఒకటి కాలి దగ్గరుంటే తీసి చేతిలో తిప్పుతున్నాడు. చెల్లెలు ఆయన పక్కన నేల మీద కూలబడి, "సగం కాయ పాయె నాయనా, నా వల్ల," అంది. ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, "కాయ పోతే పాయెలే. చెట్లు ఉండాయి," అన్నాడు. నాకు ఆయన మీదున్న కోపమంతా అక్కడే పోయింది. నన్ను అన్న మాట కూడా మర్చిపోయాను. మర్చిపోలేదు గానీ, నొప్పి పోయింది.

లారీని వెనక్కి పంపించారు. వచ్చిపోయిన బాడుగ ఇచ్చి చిన్నాయనే దారి దాకా సాగనంపి వచ్చాడు. చిన్నమ్మ టెంకాయ కొంగులో వేసుకుని, కొట్టకముందే తెలిసింది మేలు, పచ్చడికన్నా వస్తుందంది. చెల్లెలు అక్కడే గట్టు మీద లాప్‌టాప్ తెరిచి కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. వాళ్ల నాయన ఫోన్లో మళ్లీ యాభై పెట్టి, నాన్నను సున్నా కొట్టమని, ఆ ఫోను చూసింది. యాభై యాభైగానే ఉంది. "మారలేదు నాయనా, సూడు," అని ఫోను ఆయన చేతికి ఇవ్వబోయింది.

చిన్నాయన ఫోను అందుకోలేదు. గట్టు దాటి నాన్న దగ్గరికి వచ్చాడు. వచ్చి కూడా కాసేపు చెట్టు కొమ్మ పట్టుకుని ఆకులు తడుముతూ నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు నిన్ను దొంగను జేసుకుంటినే అన్నా, మనసులో," అన్నాడు.

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేనూ నిన్ను అదే జేసుకుంటిలేరా," అన్నాడు.